ఆవాజ్ ఇండ్లు

భావనారాయణకు లోకంలో రెండింటి మీదే నమ్మకం. ఒకటి తనకు పేరిచ్చిన బాపట్ల దేవుడు, రెండోది తన చేతిలో ఉన్న టేపు. దేవుడి మీద అప్పుడప్పుడు అనుమానం వచ్చేది గానీ టేపు మీద ఎన్నడూ రాలేదు.

యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడ్డప్పుడు కర్నూలు నుంచి కాగితాల కట్టలతోపాటు హైదరాబాదులో దిగిన గుమాస్తాల్లో ఆయనొకడు. రెండేళ్ళు తిరిగేసరికి పురపాలక పన్నుల విభాగంలో ఇళ్ళకు విలువ కట్టే ఇన్‌స్పెక్టరయ్యాడు. విలువంటే ఇల్లు అమ్మితే ఎంతొస్తుందని కాదు. కిరాయికి ఇస్తే ఏడాదికి ఎంతొస్తుందో తేల్చి, దాని మీద పన్ను వేస్తారు. పని చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ కిరాయి ఎంతని అడిగితే నిజం చెప్పిన ఇంటి యజమాని ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదని ఆయన గట్టి అభిప్రాయం.

అరవై రెండు ఎండాకాలంలో ఆయనకు నాంపల్లి వార్డు అప్పజెప్పారు. ఆయన పద్ధతి ఆయనకుంది. ఆబిడ్స్ పెద్ద రోడ్డు దగ్గర మొదలుపెట్టేవాడు. అక్కడ అద్దాల బీరువాల దుకాణాలు, సినిమా హాళ్ళు, సాయంత్రమైతే వీధి దీపాలు. ఆ రోడ్డుకు దగ్గరైనకొద్దీ ఇల్లు ప్రియం, లోపలి గల్లీల్లోకి పోయినకొద్దీ చౌక. స్టేషను వైపుకు పోతే ఇంజను పొగ, ఆరేసిన పంచెల మీద బొగ్గు నుసి, ఇంకా చౌక. నల్లా అనే కుళాయి ఎన్ని గంటలు వస్తుంది, మోరీ అనే మురుగు కాలువ మూసి ఉందా తెరిచి ఉందా, బడి ఎంత దూరం, ఇవన్నీ కలిపి, తీసేసి, ఇల్లు చూడకుండానే దాని కిరాయి చెప్పగలనని ఆయన ధీమా. చాలాసార్లు చెప్పేవాడు కూడా. ఊరికి వచ్చిన కొత్తలో 'నల్లా లేదు' అంటే 'తెల్లగానే ఉందిలే' అనుకున్న మనిషి, ఇప్పుడు నల్లా, మోరీ, జర, ఫికర్ అన్నీ వచ్చేశాయి గనుక ఇక్కడి భాషంతా వచ్చేసిందనుకున్నాడు. కథంతా అక్కడే ఉంది.

టేపు రెండో కొస పట్టుకునేవాడు రాజనర్సు. యాభై ఏళ్ళు దాటినవాడు, నిజాం కాలం నుంచీ ఈ ఆఫీసులోనే ఉన్నవాడు. నిజం కిరాయి ఎలా రాబట్టాలో భావనారాయణకు నేర్పింది ఆయనే. "ఇంటోణ్ణి అడిగితే సగం చెప్తడు సార్. ఉంటున్నోడు ఇంటోనికి భయపడతడు. ఖాళీ చేసి పోయినోణ్ణి అడుగుండ్రి. గానికి ఎవ్వని భయం లేదు." ఆ మాట పట్టుకుని ఇద్దరూ పాత కిరాయిదార్ల కోసం హిమాయత్‌నగర్ దాకా, అఫ్జల్‌గంజ్ దాకా తిరిగేవాళ్ళు. రసీదు మీద ఉన్న కిరాయిని భావనారాయణ మ్యాపు మీద సిరాతో రాసేవాడు. ఖాళీ చేసి పోయినవాడు చెప్పినదాన్ని పక్కనే పెన్సిలుతో రాసుకునేవాడు. సిరాతో రాసింది సర్కారుకు, పెన్సిలుతో రాసింది తనకు. ఎందుకంటే పెన్సిలు అంకెకు సంతకం లేదు, సంతకం లేని నిజం ఆఫీసులో చెల్లదు.

అలా తిరుగుతూ సున్నం బట్టీ గల్లీకి వచ్చారు. ఒక కొస ఆబిడ్స్ వైపు, ఇంకో కొస స్టేషను వైపు. మధ్యలో పంతొమ్మిది ఇళ్ళు, తెరిచి ఉన్న మోరీ, గంటన్నర వచ్చే నల్లా. చెప్పుకోదగ్గదేమీ లేదు. గల్లీలో పెద్ద యజమాని వెంకటేశం. ఆబిడ్స్‌లో ఇత్తడి సామాన్ల దుకాణం, ఇక్కడ తన ఇంటి వెనక అయిదు పోర్షన్లు. పోర్షనుకు ఇరవై రెండు రూపాయలని రసీదులు చూపించాడు.

ఒక పోర్షన్లో బియ్యం చెరుగుతున్న ఒకావిడ, ఇన్‌స్పెక్టరు గది కొలుస్తుంటే తనంతట తానే చెప్పింది. "మాది ఆవాజ్ ఇల్లు సార్."

భావనారాయణ తలెత్తాడు. ఆవాజ్ అంటే చప్పుడు. ఆ మాత్రం ఆయనకు తెలుసు. పాపం, రైలు కూతలకు నిద్ర ఉండదు కాబోలనుకున్నాడు. "చప్పుడు బాగా ఉంటుందా అండీ ఇక్కడ?" అని వెంకటేశాన్ని అడిగాడు. వెంకటేశం ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూశాడు. తర్వాత చాలా గంభీరంగా, "ఔ సార్, ఆవాజ్ ఇల్లే," అన్నాడు. భావనారాయణ పుస్తకంలో 'శబ్దబాధ కలదు, పదోవంతు తగ్గింపు' అని రాసుకున్నాడు. ఆ సంగతి గంటలో గల్లీ అంతా పాకినట్టుంది. కొసల్లోని ఇళ్ళు అప్పటికే కొలిచేశారు. తర్వాత ఏ ఇంటికి పోయినా యజమానే ఎదురొచ్చి, మాదీ ఆవాజ్ ఇల్లే సార్ అని చెప్పాడు. రాసుకున్నాడు, తగ్గించాడు. సార్ ఇంగ్లీషులో ఏం రాస్తున్నాడో రాజనర్సుకు తెలియదు, తెలిస్తే అక్కడే చెప్పేవాడు.

గల్లీ నడిమధ్యలో గూన పెంకుల కప్పు ఇల్లొకటి ఉంది. రెండు గదులు, ముందు ఒక అరుగు. అందులో రత్నమణి అనే ఆవిడ ఒక్కతే ఉంటుంది. మెదక్ మిషను దవాఖానలో పని నేర్చుకున్న మంత్రసాని. ఎవరి మీదా విసుక్కోని ముఖం, మోచేతుల దాకా కడిగి కడిగి తెల్లబడ్డ చేతులు.

"కిరాయి ఎంతండీ?"

"నా ఇంటికి నాకు కిరాయేంది సార్."

"ఇది కూడా ఆవాజ్ ఇల్లేనా?"

ఆమె నవ్వింది. "నాదెట్ల ఆవాజ్ ఇల్లయితది సార్?"

అంతే. తగ్గింపు లేదని రాసుకున్నాడు. సొంత ఇంట్లో ఉన్నవాళ్ళకు కిరాయి రసీదు ఉండదు కదా, అలాంటి ఇంటికి ఇరుగుపొరుగు ఇళ్ళను చూసి ఇన్‌స్పెక్టరు తనకు తెలిసినంతలో నిజం రాయాలి. ఆయనకు తెలిసిన నిజం పెన్సిలుతో ఉంది. పక్క పోర్షన్లకు అసలు కిరాయి నలభై ఎనిమిది, యాభై అని ఖాళీ చేసి పోయినవాళ్ళు చెప్పారు. ఆమె ఇంటికి యాభై అని వేశాడు. దొంగ రసీదులున్న వాళ్ళందరికీ సగం మీద పన్ను పడింది, ఏమీ దాచని మనిషికి పూర్తిగా పడింది. రూలు ప్రకారం ఇందులో ఒక్క తప్పు లేదు. ఇలాంటి తప్పులేని పనులే కొంపలు ముంచుతాయి.

నోటీసులు పోయిన పదో రోజు రత్నమణి ఆఫీసుకు వచ్చింది. ఏడాదికి పది రూపాయలున్న పన్ను అరవై ఆరయింది. భావనారాయణ బల్ల మీద నోటీసు పరిచి, మడత విప్పి, చేత్తో సాపు చేసింది. అరవలేదు, ఏడవలేదు.

"కట్టనని కాదు సార్. యాడికెళ్లి కట్టాలె? ఉన్నోళ్ళు మూడు రూపాలిస్తరు, లేనోళ్ళు దండం పెడతరు. ఆబిడ్స్ బట్టల సేటు గోదాంకు నా ఇల్లు అడుగుతుండు. అమ్మేసి మెదక్‌ల తమ్ముని దగ్గరికి పొమ్మంటరా? గదొక్కటి చెప్పుండ్రి."

భావనారాయణ రూలు వివరించాడు. "మీ పక్కిళ్ళకు యాభై వస్తోందమ్మా. మీదీ అంతే చోటు, అదే గల్లీ. కిరాయికి ఇస్తే మీకూ అంతే వస్తుంది కదా."

"నా ఇంటికి యాభై ఎవరిస్తరు సార్," అంది ఆమె. ఆశ్చర్యంగానే అంది. అప్పీలు కాగితం మీద సంతకం చేసి వెళ్ళిపోయింది.

ఆ ప్రశ్న ఆయన్ని పట్టుకుంది. నిజమే, ఎవరిస్తారు? అసలు పక్కిళ్ళకు మాత్రం ఎందుకిస్తున్నారు? మ్యాపు తీసి బల్ల మీద పరిచాడు. సిరా అంకెలు వదిలేసి పెన్సిలు అంకెలే వరసగా చదివాడు. రెండు గదుల పోర్షన్లు, అన్నీ ఇంచుమించు ఒకే కొలత. ఇరుపక్కల గల్లీల్లో అంతా ఆయన చెప్పినట్టే ఉంది. ఆబిడ్స్ కొసన ముప్ఫై, తర్వాత ఇరవై ఏడు, ఇరవై నాలుగు, స్టేషను దగ్గర పద్దెనిమిది. నీళ్ళు పల్లానికి పోయినట్టు దిగిపోతున్నాయి. సున్నం బట్టీ గల్లీలో మాత్రం ఆబిడ్స్ కొసన ముప్ఫై. లోపలికి పోతే ముప్ఫై నాలుగు. ఇంకా లోపలికి నలభై, నలభై ఎనిమిది, యాభై. అక్కడ గూన కప్పు ఇల్లు. దాని అవతల మళ్ళీ యాభై, నలభై రెండు, ముప్ఫై ఆరు, స్టేషను కొసకు ఇరవై.

భావనారాయణ తన పుస్తకం తెరిచి మ్యాపు పక్కన పెట్టుకున్నాడు. ఆయన శబ్దబాధ అని రాసిన ఇళ్ళే గల్లీలో అన్నిటికన్నా ప్రియమైనవి. రైలు పట్టాల పక్కనే ఉన్న ఇంటివాళ్ళు ఒక్కరూ ఆవాజ్ అన్న మాట ఎత్తలేదు. రోడ్డు, నల్లా, మోరీ, బడి, తాను ఇన్నేళ్ళుగా నమ్ముకున్న వాటిలో ఏదీ ఈ అంకెలను ఇలా పైకి లేపలేదు. ఏదో ఉంది, దాని నడిబొడ్డున ఒక మంత్రసాని ఇల్లుంది.

మర్నాడు మధ్యాహ్నం రాజనర్సును వెంటబెట్టుకుని గల్లీకి పోయాడు. రత్నమణి ఇంటి ఎదురు నీడలో నిలబడి, ఏం అడగాలో తెలియక నీళ్ళు నములుతుంటే, నాలుగిళ్ళ అవతల మిద్దె మీద నుంచి ఒక ముసలావిడ కేక వేసింది. "రత్నమ్మా, కోడలికి నొప్పులొస్తున్నయే." లోపలి నుంచి వెంటనే, "వస్తున్న బిడ్డా," అన్న జవాబు వచ్చింది. అన్నం చెయ్యి కడుక్కుని, సంచీ భుజాన వేసుకుని రత్నమణి వీళ్ళ ముందు నుంచే గబగబా వెళ్ళిపోయింది. సగం తిన్న కంచం అరుగు మీదే ఉంది.

"గట్ల ఆవాజిస్తే ఇట్ల పలుకుతది సార్," అన్నాడు రాజనర్సు.

"ఏమన్నావు?"

"ఆవాజియ్యడం సార్. పిలుసుడు. మీ దిక్కు ఏమంటరో."

భావనారాయణ చంకలోని పుస్తకం తీశాడు. "మరి ఆవాజ్ ఇల్లంటే?"

"ఇంట్ల నిలబడి ఆవాజిస్తే రత్నమ్మకు ఇనపడే ఇల్లు. కడుపు నిలిచిందని తెల్వంగనే ఆడోళ్ళు గీ గల్లీల పోర్షను దొరుకుతదా అని తిరుగుతరు. దొరికితే ఎంతడిగితే గంత. జర దూరమైతే జర తక్కువ. ఎంత అర్సినా ఇనపడకపోతే గది ఉత్త ఇల్లు. ఏంది సార్, మీకు ఎరుక లేదా?"

లేదని భావనారాయణ ఒప్పుకున్నాడు. సిగ్గూ వచ్చింది, నవ్వూ వచ్చింది. వాటి రెండిటినీ మించి ఇంకేదో వచ్చింది. రాజనర్సును గల్లీ మొదటికి పంపి, ఒక్కో గుమ్మం ముందు నిలబడి "రత్నమ్మా" అని పిలవమన్నాడు. తను ఆ అరుగు మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ఎండలో వచ్చేపోయేవాళ్ళు ఈ ఇద్దరినీ చూసి ఏమనుకున్నారో ఏమో. మొదటి రెండు ఇళ్ళ నుంచి పిలుపు వినపడలేదు. మూడో ఇంటి నుంచి లీలగా వచ్చింది. పెన్సిలు అంకె ముప్ఫై నాలుగు. అయిదో ఇంటి నుంచి మాట తెలిసింది. నలభై. ఏడో ఇంటి నుంచి పక్కనుండి పిలిచినట్టే ఉంది. నలభై ఎనిమిది. అటువైపు కూడా అంతే. పట్టాల దగ్గర ఇంజను కూత పిలుపును మింగేసిన చోట అంకె ఇరవైకి పడిపోయింది. ఒక మనిషి గొంతు ఎంత దూరం పోతుందో అంత మేర ఇళ్ళ విలువ లేచి నిలబడింది. ఈ గల్లీకి ధర కట్టింది ఆబిడ్స్ రోడ్డు కాదు. అన్నం మధ్యలో లేచిపోయే ఒక మనిషి.

ఆ సాయంత్రం రూళ్ళ పుస్తకం తెరిచాడు. కంఠతా వచ్చిన వాక్యమే, మళ్ళీ చదివాడు. 'ఇంటిని సమంజసంగా కిరాయికి ఇచ్చిన పక్షంలో రాగల మొత్తము.' కిరాయికి ఇచ్చిన పక్షంలో. రత్నమణి తన ఇంటిని కిరాయికి ఇస్తే తాను అందులో ఉండదు. ఆమె లేకపోతే ఆ గల్లీలో ఆవాజ్ ఇల్లే ఉండదు. అప్పుడు ఆ గూన కప్పుకు, తెరిచిన మోరీ పక్కన, ఎవడైనా పన్నెండు రూపాయలిస్తే ఎక్కువ. పక్కింటి యాభైలో ఆమె ఉంది. ఆమె ఇంటి కిరాయిలో ఆమె ఉండటానికి వీల్లేదు. లాభం యజమానులు తింటుంటే, ఆ లాభానికి పన్ను ఆమె నెత్తిన పెట్టాడు తాను. "నా ఇంటికి యాభై ఎవరిస్తరు," అని ఆమె అడిగింది ఇదే. ఆమెకు రూలు తెలియకపోయినా రూలు సారం తెలుసు. రూలు కంఠతా వచ్చిన తనకే తెలియలేదు.

ఇక సాక్ష్యం కావాలి. రత్నమణి ఉండబట్టే పక్కిళ్ళకు యాభై వస్తోందని రుజువు చెయ్యాలంటే, యాభై వస్తోందని యజమానులు ముందు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే వాళ్ళ పన్ను రెట్టింపు దాటుతుంది. భావనారాయణ వెంకటేశం దుకాణానికి పోయాడు. బిందెల మధ్య స్టూలేసి కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, వెంకటేశం అంతా విన్నాడు.

"సమజైంది సార్. నా పన్ను నన్నే పెంచుకోమంటున్నరు."

"అవునండీ. అదే అడుగుతున్నాను. లేకపోతే ఆవిడ ఇల్లు అమ్ముకుంటుంది."

వెంకటేశం తూకం రాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ ఉండిపోయాడు. చివరికి, "చాయ్ చల్లారుతుంది సార్, తాగుండ్రి," అన్నాడు. మిగిలిన యజమానులు చాయ్ కూడా పొయ్యలేదు.

విచారణ రోజు పదకొండు గంటలకు అప్పీళ్ళ అధికారి లక్ష్మణరావు గారు వచ్చి కూర్చున్నారు. గుంటూరు మనిషి, మంచివాడే గానీ గడియారం మనిషి. గుమాస్తా రత్నమణి పేరు మూడుసార్లు పిలిచాడు. జవాబు లేదు. రాజనర్సు వంగి భావనారాయణ చెవిలో చెప్పాడు. "పొద్దుగాల ఎవరో ఆవాజిచ్చిన్రంట సార్. కాన్పు కష్టమైందంట. రాదు."

అప్పీలుదారు హాజరు కాకపోతే అప్పీలు కొట్టేస్తారు. లక్ష్మణరావు గారు కలం తీశారు. భావనారాయణ అది చూశాడు. లేచి నిలబడ్డాడు. పన్ను వేసిన ఇన్‌స్పెక్టరు, వేసిన పన్నును సమర్థించడానికి ఉన్న మనిషి, తన నోటీసు తప్పని చెప్పడం మొదలుపెట్టాడు. చప్పుడు సంగతి కూడా దాచలేదు. ఆవాజ్ దగ్గరికి వచ్చేసరికి గుమాస్తాలు పడీపడీ నవ్వారు. లక్ష్మణరావు గారు కూడా నవ్వారు. మ్యాపు పరిచి, అరుగు మీద కళ్ళు మూసుకుని తాను విన్నది చెప్పేసరికి నవ్వులు ఆగిపోయాయి.

"తర్కం బాగుందయ్యా," అన్నారు లక్ష్మణరావు గారు. "బాగుండటమేమిటి, నా సర్వీసులో ఇలాంటిది వినలేదు. కానీ పెన్సిలు అంకెల మీద నేను ఆర్డరు రాయలేను. సంతకం పెట్టే మనిషి ఎవరన్నా ఉన్నారా?"

ఎవరూ లేరని చెప్పడానికి భావనారాయణ నోరు తెరిచాడు. అప్పుడు తలుపు దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. వెంకటేశం. చంకలో బట్ట చుట్టిన పుస్తకం. నేరుగా వచ్చి దాన్ని బల్ల మీద పెట్టాడు.

"నా అసలు లెక్క సార్. పోర్షన్‌కు నలభై ఎనిమిది. అయిదు పోర్షన్లు. రసీదులు అబద్ధం. రాసుకోండ్రి."

లక్ష్మణరావు గారు కళ్ళజోడు తీశారు. "ఇలా చెబితే మీ పన్ను ఎంతవుతుందో తెలుసా?"

"ఎరికే సార్."

"ఆ గల్లీలో అంత కిరాయి ఎందుకు వస్తోంది?"

"ఆమె ఉన్నదని. ఎండైనా వానైనా, పిలిస్తే రాకుండ ఉన్న దినం ఒక్కటి లేదు. గోడలు నావి సార్. మిగిలిన కిరాయంత గామెది."

ఆయన వెనక ఇంకో ముగ్గురున్నారు. అందులో ఒక గది కిరాయికిచ్చుకుని బతికే కొండమ్మ అనే ముసలమ్మ. "నాకు ముప్ఫయ్యారు వస్తది బిడ్డా, పద్దెనిమిది అని చెప్పిన," అని వేలిముద్ర వేసింది. మిగతా యజమానులు రాలేదు. రానివాళ్ళే ఎక్కువ. అయినా భావనారాయణ ఆ నలుగురినీ చూస్తూ, అడిగినప్పుడల్లా అబద్ధం చెప్పే మనుషులు, ఎవరూ బలవంతపెట్టకుండా నడిచి వచ్చి తమ మీద తామే పన్ను వేయించుకోవడం చూస్తూ, కూర్చోవడం మరిచిపోయాడు. తన గట్టి అభిప్రాయం ఆ గదిలో అందరి ముందూ కూలిపోయింది. అది కూలినందుకు ఆయనకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

లక్ష్మణరావు గారు ఆర్డరు అక్కడే రాశారు. రత్నమణి ఇంటికి ఆమె అందులో లేనట్టు భావించి నెలకు పన్నెండు రూపాయలు. వచ్చిన నలుగురికీ అసలు కిరాయి ప్రకారం. రానివాళ్ళ రసీదులు మళ్ళీ విచారించాలి. శబ్దబాధ తగ్గింపులు రద్దు.

సాయంత్రం ఆర్డరు నకలు పట్టుకుని భావనారాయణే గల్లీకి పోయాడు. రత్నమణి అప్పుడే వచ్చి అరుగు మీద కూర్చుని ఉంది. చీర కుచ్చెళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. ఆయన్ని చూసి లేచింది.

"నేను రాలేకపోయిన సార్. కొట్టేసిన్రా?"

"లేదమ్మా. మీరే గెలిచారు. ఏడాదికి పదహారు కట్టాలి, అంతే. పాతదాని మీద ఆరు ఎక్కువ."

ఆమె కళ్ళు మూసుకుని పెదాలతో ఏదో ప్రార్థించుకుంది. పొద్దున్న కాన్పు ఏమైందని ఆయన అడిగాడు. ఇద్దరూ బాగున్నారని చెప్పింది. ఎలా గెలిచిందో ఆమెకు అర్థం కాలేదు. భావనారాయణ మ్యాపు విప్పి అరుగు మీద పరిచి, పక్కన కూర్చుని చెప్పాడు. ఈ పన్నెండు మీరు లేని ఇంటి విలువ, ఈ యాభైలు, నలభైలు మీరున్నందుకు మీ చుట్టూ లేచిన విలువ అన్నాడు. అంకెల మీద వేలు పెట్టి చూపించాడు. ఆమె చూసింది గానీ అంకెలను చూడలేదు. తన వేలు ఒక్కో ఇంటి మీద పెడుతూ పోయింది.

"గీ ఇంట్ల ముగ్గురు. గీడ కవలలు, ఒకడు ఇప్పుడు బడికి పోతుండు. గీడ కొండమ్మ మనుమరాలు. గీడ ఇద్దరు." అలా పేర్లు, వానలు, మంగళవారాలు, అడ్డం తిరిగిన బిడ్డలు. ఆయన పెన్సిలు అంకెలన్నిటి మీదా మనుషులు నిలబడ్డారు.

"వచ్చి చెప్పింది ఎవరెవరు సార్?"

"నలుగురమ్మా. అందరికన్నా ముందు వెంకటేశం గారు. ఆయన రాకపోతే పోయేది."

ఆమె వేలు మ్యాపు మీద ఆగిపోయింది. వెంకటేశం ఇంటి దగ్గరే ఆగింది.

"వెంకటేశమా," అంది. "గాయన ముందుగాల వచ్చిండా."

"పిలిస్తే మీరు రాని రోజు ఒక్కటి కూడా లేదని చెప్పారు."

రత్నమణి మ్యాపు మీద నుంచి చెయ్యి తీసేసింది. తర్వాత మెల్లగా చెప్పింది. "గాయనకు ఒక్కతే బిడ్డ సార్. అహల్య. కాన్పుకు పుట్టింటికి వచ్చింది. తొమ్మిదేండ్లాయె. గాయనే ఆవాజిచ్చిండు, ఉరికిన. రాత్రంత, తెల్లారినంక గూడ నా చేతనైనంత చేసిన. తల్లీ పిల్ల ఇద్దరు నా చేతులల్లనే పోయిన్రు. గప్పటి సంది నాతోని మాట్లాడలే. ఎనుక పోర్షన్లల్ల కాన్పులకు పిలిస్తె పోత గానీ, గాయన గడప నేను తొక్కలే. ఏం ముఖం పెట్టుకోని తొక్కాలె?"

భావనారాయణకు దుకాణంలో తూకం రాళ్ళు పేరుస్తున్న ఆ మనిషి చేతులు కళ్ళ ముందు కదిలాయి. ఇన్నాళ్ళూ ఇళ్ళ విలువ కడుతున్నానని తిరిగిన తన మీద తనకే వింతగా అనిపించింది. మ్యాపు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

రత్నమణి కొంగుతో ముఖం తుడుచుకుంది. లేచి, తడి కుచ్చెళ్ళు సర్దుకుని, గల్లీలోకి దిగింది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి, ఎవరూ ఆవాజ్ ఇవ్వకుండానే, వెంకటేశం గుమ్మం వైపు నడిచింది. ఆమె అక్కడికి చేరేలోపలే లోపలి నుంచి ఎవరో తలుపు తీశారు.